వలకన్ను బొంత

18 ఆగస్టు 2024, ఆదివారం

ఈ రోజు పనులు: ఇల్లు కడగడం, అయింది. వారం బట్టలు ఉతికాను, ముసురు వల్ల సగమే ఆరాయి. చింతపండు గింజ తీయడం, రెండు కిలోలు, అయింది. మా ఆయన చొక్కాలకు గుండీలు, మూడు. కందిపప్పు ఎండలో పోయాలి, ఎండ లేదు, వాయిదా. సాలమ్మ వదినకు ఫోన్, నాలుగుసార్లు. ఎత్తలేదు.

లింగం అన్న పోయి ఇవాళ్టికి ఇరవై ఆరో రోజు. జరిగినదంతా వరసగా రాసి పెట్టుకోవడం మంచిది. నా వల్ల తప్పు జరిగిందని వదిన అనుకుంటోంది కాబట్టి రాస్తున్నాను.

పదకొండో రోజున పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచరు. మూటగట్టి చాకలి వజ్రమ్మకు ఇవ్వాలి. శామీర్‌పేటలో ఇల్లంతా చుట్టాలు, వదిన మూలన కూర్చుని ఉంది. "అత్తా, నువ్వైతే లెక్కగ జేస్తవు" అని అన్న కూతురు పూజ ఆ పని నాకు అప్పగించింది. కాగితం మీద రాసుకుంటూ కట్టాను. చొక్కాలు ఆరు, లుంగీలు ఐదు, తువ్వాళ్లు, బనీన్లు, ఉన్ని టోపీ, ఇలా పద్నాలుగు రకాలు. పద్నాలుగోది మంచం కింద ఉన్న గోనెసంచి. పాత గుడ్డలు అనుకున్నాను.

మర్నాడు పొద్దున వదిన మంచం కిందికి వంగి చూసి అడిగింది.

"శోభా, గీడ సంచి ఉండాలె, ఏది?"

"గుడ్డల సంచా? మూటల పెట్టిన వదినా."

"అది బొంత. ఆయన కోసిన ముక్కలు, నేను కుట్టినయ్. ఆయన చేతులు అండ్లనే ఉండె."

వజ్రమ్మ ఇంటికి మనిషిని పంపాం. మూట అప్పటికే విప్పి పంచేసుకున్నారు. వదిన నావైపు చూడకుండా "ఇగ పో" అంది. అంతే. ఆ మాట తర్వాత నాతో మరో మాట లేదు.

నేను సంచి విప్పలేదు. గుడ్డల సంచి అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

19 ఆగస్టు, సోమవారం

రాఖీ. పనులు ఏమీ రాయను.

22 ఆగస్టు, గురువారం

ఆయనకు టిఫిన్ డబ్బా. తుర్కపల్లి కంపెనీ క్యాబ్ ఆరున్నరకే వచ్చేసింది, డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో. ఇడ్లీ పిండి రుబ్బాను. పాల చీటీ సరిచూశాను.

ఒక నిర్ణయం తీసుకున్నాను. పోయిన బొంతను మళ్లీ కుట్టి ఇస్తాను. కొత్త గుడ్డతో కాదు, అన్న ఒంటి మీది గుడ్డతోనే. అన్న బట్టలన్నీ ఆ మూటలోనే లేవు. ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఒకటి ఉండే ఉంటాయి. చలి ముదిరేలోపల వదిన ఆ బొంత కప్పుకోవాలి. కప్పుకుంటే నాతో మాట్లాడుతుంది.

లెక్కల పుస్తకం వెనక పేజీలో రాశాను: సాలమ్మ వదినకు బాకీ, ముక్కలు 59.

25 ఆగస్టు, ఆదివారం

మొదటి గుడ్డ మా ఇంట్లోనే దొరికింది. పోయిన ఏడాది నాకు ఆపరేషన్ అయినప్పుడు అన్న వచ్చి నాలుగు రోజులు ఉండి, నీలం గళ్ల లుంగీ దండెం మీద మర్చిపోయి వెళ్లాడు. అప్పటినుంచి దాన్ని మా ఆయన కడుతున్నారు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు కోసేశాను. మధ్యలో పల్చబడింది, అంచుల వెంట మంచిగా ఉంది. పద్నాలుగు ముక్కలు వచ్చాయి.

ఆయన తువ్వాలు చుట్టుకుని వచ్చి దండెం వెతికారు.

"నా లుంగీ ఏది?"

"మీది గాదు, మా అన్నది."

"కట్టుకునేది నేను గదా!"

"ఇగ కట్టుకోరు."

కింద పరిచిన ముక్కలు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు: "శోభా, పోయినోళ్ల బట్టలు ఇంట్లకెల్లి బయటికి పంపుతరు గని, ఎవరన్న ఏరుకొచ్చి ఇంట్ల పెడ్తరా?"

"అన్నవి అట్లెందుకైతయి?"

"నాకేం లేదు. నా బనీన్లు మాత్రం బీరువల పెట్టి తాళమేస్త."

నవ్వాను. అన్న పోయాక ఒక్కసారైనా నవ్వానా అని ఆలోచించాను, గుర్తులేదు.

28 ఆగస్టు, బుధవారం

ముక్క కొలత గురించి. అన్న జానతో కొలిచేవాడు. అతని జాన తొమ్మిదిన్నర అంగుళాలు. ఇది నాకు ఎలా తెలుసంటే, తెలుసు.

వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో చెరువు మీద వేట ఆపేవారు. బాపు వసారాలో గోడకు ఆనుకుని వల బాగుచేసేవాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించుకుని లాగి పట్టుకుని, చిరిగినచోట ఒక్కొక్క కన్నూ అల్లేవాడు. ఇంకోపక్క అమ్మ పాత చీరలు, బాపు లుంగీలు ముందేసుకుని బొంత పని పెట్టుకునేది. ఊళ్లో అందరూ చదరాల్ని గోడకు ఇటుకల్లా వరసగా అతికేవాళ్లు. అమ్మ మాత్రం చదరాన్ని మూల మీద నిలబెట్టేది. అలా నిలబెట్టి పక్కపక్కన అతికితే అచ్చం పరిచిన వలలా ఉంటుంది. "వల అల్లేటోళ్ల ఇంట్ల బొంతకు గూడ కన్నులుండాలె" అనేది.

ముక్కలు కోయడం అన్న పని. జాన పెట్టి, గోరుతో గీత గీసి, కత్తెర వేసేవాడు. నా కంటే ఆరేళ్లు పెద్ద. ఏడాదికేడాది అతని చెయ్యి పెరిగేది, ఏడాదికేడాది మా బొంతల కన్ను కూడా పెద్దదయ్యేది. నేను మూడో తరగతిలో ఉన్నప్పటి బొంత కన్ను ఏడు అంగుళాలు. పదో తరగతిలో తొమ్మిదిన్నర. అక్కడ ఆగిపోయింది. మా స్కూలు స్కేలుతో నేనే కొలిచి గోడ మీద బొగ్గుతో రాసేదాన్ని.

పేర్చడం నా పని. ఎరుపు పక్కన ఎరుపు పడకూడదు. గళ్ల పక్కన గళ్లు పడకూడదు. అన్న కావాలని రెండు నీలాలు పక్కపక్కన పెట్టి, నేను కనిపెడతానా లేదా అని మొహం చూసేవాడు. నేను అరిచేదాన్ని. అమ్మ నవ్వేది, బాపు వల మీదనుంచి తల ఎత్తకుండానే "పట్టింది, పట్టింది" అనేవాడు.

సాయంత్రం ఆ బొంత మీద పడుకుని ఒక్కో కన్ను మీద వేలు పెట్టి, ఇందులో ఏ చేప పడింది అని ఆడుకునేవాళ్లం. ఇందులో బొచ్చె. ఇందులో రవ్వ. ఇందులో కొర్రమట్ట. నా వేలు ఎక్కడ పెట్టినా "గండ్ల బురదనే" అనేవాడు అన్న.

అమ్మ పోయాక నేను బొంత కుట్టలేదు. మేడ్చల్‌లో దుప్పట్లు దొరుకుతాయి.

31 ఆగస్టు, శనివారం

పూజ బౌరంపేట్ నుంచి వచ్చింది. అత్తగారింటికి తీసుకుపోయిన రెండు తువ్వాళ్లు, తండ్రి చొక్కా ఒకటి తెచ్చింది. చొక్కా ఇచ్చేటప్పుడు జేబు మాత్రం కోసి తను ఉంచుకుంది. "బాపు గీ జేబులకెల్లే నాకు చాక్లెట్ పైసలు తీసిచ్చేటోడు అత్తా." పద్నాలుగు ముక్కలు వచ్చాయి. ఇప్పటికి ఇరవై ఎనిమిది.

"అమ్మ ఎట్లుంది?" అని అడిగాను.

"తింటది, చేపలమ్ముతది, ఇంటికొచ్చి మంచం కిందికి చూస్తది."

ముక్కలు లెక్కపెడుతూ పూజ అడిగింది: "యాభై తొమ్మిదే ఎందుకత్తా? అరవై పెట్టరాదు, మంచిగ ఉంటది."

"వలకన్ను లెక్క అంతే బిడ్డా. అడ్డం ఐదు, నిలువు ఏడు, ముప్పై ఐదు. వాటి సందుల్ల నాలుగార్లు ఇరవై నాలుగు. కలిపితే యాభై తొమ్మిది. అంచులకు సగం ముక్కలు వేరే."

లెక్క నిజమే. నేనేమీ అబద్ధం చెప్పలేదు.

7 సెప్టెంబర్, శనివారం

వినాయక చవితి. ఉండ్రాళ్లు, పత్రి, దేవుడి పూజ. అన్నీ అయినవి. మైలలో ఉన్నామా లేమా అని పక్కింటావిడ అడిగింది. పుట్టింటి మైల నాకు మూడు రోజులే అని చెప్పాను. చెప్పాక చాలాసేపు అదే మాట చెవిలో తిరిగింది. మూడు రోజులే.

11 సెప్టెంబర్, బుధవారం

శామీర్‌పేట వెళ్లాను. వదిన ఇంటివైపు పోలేదు, వెనక వీధిలో వజ్రమ్మ ఇంటికి పోయాను. సంగతి చెప్పగానే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీరే కట్టిస్తిరి, మీరే వాపసియ్యమంటరు. ఇదేమన్న బ్యాంకా బిడ్డా, ఏసుడు తీసుడు జేయనీకి?"

"ఒక్క చొక్క ఇయ్యి వజ్రమ్మా. దానికి బదులు కొత్త అంగి తెచ్చిన."

ఆమె మొగుడు అరుగు మీద అన్న చొక్కానే వేసుకుని కూర్చున్నాడు. గోధుమరంగు, సన్న గీతలది. వెనకనుంచి అచ్చం అన్నే. వజ్రమ్మ "ఇప్పు, ఇప్పు, అక్క దానికోసమే మేడ్చల్‌కెల్లి వచ్చింది" అని అక్కడికక్కడే విప్పించింది. అతను కొత్త చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ "ఇంకొకటి గూడ ఉంది, రేపు రాండ్రి" అన్నాడు. ఆమె ఒక్కటి పీకింది వీపు మీద.

"మరి సంచి?" అని అడిగాను. "గోనెసంచి. ముక్కలుండె."

"గవ్వి కోసిన ముక్కలే గదా, ఇంక దేనికొస్తయని మీ మేడ్చల్ రోడ్డు మీద లారీ షెడ్డుకు తుడుపుగుడ్డల కింద ఇచ్చినం." తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించింది. "కుట్టినయి గూడ ఉండెనమ్మా పైననే. మంచిగుండె. సంచి మూతి ఇప్పంగనే కనబడ్డయి. మీరు చూడలే?"

ఎండగా ఉంది, బస్సు టైమవుతోంది అని చెప్పి వచ్చేశాను.

చొక్కాకు ఆరు ముక్కలు. ముప్పై నాలుగు.

12 సెప్టెంబర్, గురువారం

సంచి మూతి విప్పానేమో. పూర్తిగా విప్పలేదు.

14 సెప్టెంబర్, శనివారం

మేడ్చల్‌లో నిజామాబాద్ రోడ్డు మీద ఆ లారీ షెడ్డు దొరికింది. ధర్మేందర్ అనే అతను. లారీ కిందనుంచి సగం బయటికి వచ్చి, పడుకునే మాట్లాడాడు.

"గా సంచి గుడ్డలా? మస్తుండె అక్కా. నూనె మంచిగ పీల్చినయి. నూలు గదా."

"ఏమన్న మిగిలినయా?"

రేకుడబ్బాలో చెయ్యి పెట్టి దేవులాడి మూడు తీసి ఇచ్చాడు. నల్లగా, తడిగా. "వీటితోని ఏం జేస్తవ్?"

"బొంత."

అతను లారీ కిందికి మళ్లీ పోయాడు. పోయి అక్కడినుంచి అన్నాడు, "ఎరుకైతె దాస్తుంటి అక్కా."

కిరోసిన్‌లో నానబెట్టి, సబ్బుతో నాలుగుసార్లు ఉతికాను. రెండింటికి మరక పోలేదు. ఒక ముక్క అంచున కుట్టు మిగిలి ఉంది. వదిన కుట్టు. పొడుగు పొడుగు టాకాలు, ఎర్ర దారం. ఆ దారం తీయకుండా అలాగే ఉంచాను. ముప్పై ఏడు.

29 సెప్టెంబర్, ఆదివారం

అన్నతో వేటకు పోయే కుర్మయ్య బావ తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. పూజ చెప్పిందట. ఒక పంచె, చొక్కా తెచ్చాడు. "వానల తడిసిన్నాడు లింగం ఇచ్చిండు. ఇగ ఇయ్యాల, రేపు వాపసిస్త అనుకుంటనే ఉన్న. ఇయ్యలేదని వాడు నన్ను తిట్టుకుంటనే పోయిండో ఏమో." చాయ్ తాగలేదు. పన్నెండు ముక్కలు.

మా ఆయన బీరువా తాళం తీసి ఒక చొక్కా తెచ్చి నా ముందు పెట్టారు. పూజ పెళ్లికి అన్న పెట్టినది. "కోయి. నాకు పొట్ట కాడ పడ్తలేదు" అన్నారు. పడుతుంది. పోయిన నెలలోనే వేసుకున్నారు. ఆరు.

మొత్తం యాభై ఐదు. ఇంక నాలుగు.

6 అక్టోబర్, ఆదివారం

మిషన్ మీద అతికాను. వరసలు మూల వాటంగా వేస్తూ పోవాలి, ఒక్కో వరసకు ముక్కలు పెరుగుతూ పోయి మళ్లీ తగ్గుతాయి. ఆడవాళ్లందరూ వాకిట్లో బతుకమ్మ ఆడుతున్నారు, నేను లోపల కూర్చుని ఇది కుట్టాను.

లేపి చూస్తే నడుమ జారింది. గుడ్డ మూల మీద నిలబడితే సాగుతుంది, ఆ సంగతి మర్చిపోయాను. రెండు కొసలు పట్టుకుంటే నీళ్లలోంచి తీసిన వలలా కిందికి వేలాడింది. అమ్మ ఏం చేసేదో గుర్తు తెచ్చుకోవడానికి రాత్రి దాకా పట్టింది. అతికేముందే ముక్క నాలుగు పక్కలా సన్నగా టాకా వేసేది. అప్పుడు సాగదు. మొత్తం ఊడదీశాను.

13 అక్టోబర్, ఆదివారం

ఊడదీసినవి: 55. టాకా వేసినవి: 55. మళ్లీ అతికినవి: 55. కింది కుడి మూలలో నాలుగు కన్నులు ఖాళీ.

ఇంక గుడ్డ ఎక్కడా లేదు. అందరినీ అడిగాను.

20 అక్టోబర్, ఆదివారం

వదిన దగ్గరికి వెళ్లాను.

ఆదివారం కాబట్టి ఇంటి ముందే రోడ్డు పక్కన గొడుగు కింద చేపలు పెట్టుకుని కూర్చుంది. కార్లు ఆగుతున్నాయి. ఒకాయన నల్లకళ్లద్దాలతో వంగి, "ఇవి చెరువు చేపలేనా?" అని అడిగాడు. వదిన చేప పొలుసు గీకుతూ, "కాదు సారు, కార్ల వచ్చినయి. మీ ఎన్కనే" అంది. ఆయన నవ్వి రెండు కిలోలు కొన్నాడు.

నేను పక్కన నిలబడ్డాను. జనం తగ్గాక నా చేతిలో మూట చూసింది.

"ఏం దెచ్చినవ్?"

డెబ్బై ఏడు రోజుల తర్వాత మొదటి మాట. ఇంటి ముందు మంచం మీద పరిచాను. వదిన చేతులు తడిగా ఉన్నాయని ముట్టుకోలేదు, వంగి చూసింది.

"గిది కుర్మయ్య ఇంటి అంగి."

"అన్న ఇచ్చిందే."

"ఎరుకే. నేనే తిట్టిన, మంచి అంగి ఇచ్చినవని." మరో కన్ను మీదికి చూపు జరిగింది. "గీ మరకేంది?"

"షెడ్డుల దొరికింది వదినా. సంచిలయే మూడు."

ఎర్ర దారం దగ్గర వదిన చూపు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. ఇక వదిన కోపం పోయిందనుకున్నాను.

"మూలకు కాలిగ ఉందేంది?"

"నాలుగు తక్కువ పడ్డయి. యాభై తొమ్మిది గావాలె."

"ఎవరన్నరు?"

"అడ్డం ఐదు, నిలువు ఏడు…"

"అది బొంత లెక్క. నేను సంచి లెక్క అడుగుతున్న. సంచిల ఎన్నున్నయో నాకు తెల్వదు. కోసినాయనకే తెల్వదు, ఏనాడన్న లెక్కబెట్టిండా? నువ్వు ఫోన్ల పూజతోని అన్నవట, సంచిల యాభై తొమ్మిది పోయినయి, యాభై తొమ్మిదిస్త అని. నీకెట్ల ఎరుక శోభా?"

నేను ఎప్పుడు అన్నానో నాకు గుర్తులేదు. అనే ఉంటాను.

"విప్పినవా?"

"ఔ వదినా."

"చూసినవా?"

"చూసిన. లెక్కబెట్టిన."

"లెక్కబెట్టి, మల్ల కట్టి, మూటలేసినవ్."

ఎవరో బండి ఆపి చేపలు ఎంత అని అడిగారు. "అయిపోయినయి" అంది వదిన. గంప నిండా ఉన్నాయి. గంప ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను బొంత మడతపెట్టుకుని వచ్చేశాను.

21 అక్టోబర్, సోమవారం

పనులు లేవు.

నేను సంచి విప్పాను. విప్పగానే పైన మూడు వరసలు అతికి ఉన్నాయి. వలకన్ను. అమ్మ తర్వాత ఎక్కడా చూడలేదు. ఎరుపు పక్కన ఎరుపు పడలేదు, గళ్ల పక్కన గళ్లు పడలేదు. ఎవరో సరిగ్గా పేర్చారు. నేను లేకుండా. అన్న కోశాడు, వదిన పేర్చింది, ఎన్ని సాయంత్రాలు కూర్చున్నారో. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. మేడ్చల్ ఎంత దూరం?

మంచం పక్కన నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టాను. మళ్లీ సర్దాను. రెండు ముళ్లు వేశాను. కాగితం మీద "పాత గుడ్డల సంచి 1" అని రాశాను. బట్టలు ఇంట్లో ఉంచకూడదు, అందుకే వేశానని ఆ క్షణంలో కూడా నాకు నేను చెప్పుకున్నాను.

నేను వేశాను. తెలిసే వేశాను.

27 అక్టోబర్, ఆదివారం

ఫోన్ చేయలేదు. ఏమని చేయను.

3 నవంబర్, ఆదివారం

పొద్దున పదకొండుకు షేర్ ఆటో ఆగింది. వదిన. చేతిలో స్టీలు డబ్బా. మా ఆయన తలుపు తీసి, ఏమనాలో తెలియక "కూసో అక్కా, నీళ్లు తెస్త" అని వంటింట్లోకి పోయి మళ్లీ రాలేదు.

"ఆర్నెల్లు ఒకరింటికి పోవద్దన్నరు" అంది వదిన గడపలోనే నిలబడి. "నేను నీ ఇంటికి రాలే. బొంత కాడికచ్చిన. ఏది?"

పరిచాను. చేతులు కొంగుకు తుడుచుకుని ఈసారి ముట్టుకుంది. టాకాలు చూసింది, వెనక తిప్పి చూసింది. ఖాళీ మూల దగ్గర చెయ్యి ఆపింది.

"అందరి ఇండ్లల్ల అడుక్కొచ్చినవ్. చాకలామె మొగని ఒంటి మీదిది ఇప్పిచ్చినవట. నీ దగ్గరేం లేదా?"

"లుంగీ ఉండె గదా వదినా. నావే పద్నాలుగు."

"అది ఆయన మర్శిపోయింది. ఇచ్చింది అడుగుతున్న."

నేను లేచి బీరువా తీశాను. పోయినేడు రాఖీకి అన్న పెట్టిన చీర. చింతచిగురు రంగు నూలు చీర, ఇంకా మడత విప్పలేదు. ఇన్ని రోజులు ఊరంతా తిరిగాను, దీన్ని ఏ లెక్కలోనూ రాయలేదు. చేతుల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఇది కోస్తే నా దగ్గర అన్నది ఇంకేమీ ఉండదు. వదిన నా మొహమే చూస్తోంది.

ఆమె ముందు పెట్టాను.

కత్తెర అడగలేదు. లోపలి కొసన జాన పెట్టింది. వదిన జాన చిన్నది. ఇంకో రెండు వేళ్లు కలిపింది, అన్న జానకు సరిపోయేలా. పంటితో చిన్న గాటు పెట్టి, ఆ పక్కనుంచి ఈ పక్కకు ఒక్క లాగు లాగింది. చీర అడ్డంగా తిన్నగా చిరిగింది. ఆ పట్టీలో సరిగ్గా నాలుగు ముక్కలు. మిగిలిన చీర నా ఒళ్లో వేసింది.

"కట్టుకో. చింపిన కొస లోపలికి దోపుకుంటె ఎవరికెరుక."

వదిన సూదిలో ఎర్ర దారం ఎక్కిస్తూ, ఎక్కక, నా చేతికిచ్చింది. ఎక్కించి ఇచ్చాను. ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. కుడుతూ కుడుతూ, ఇన్ని రోజులుగా లోపల తిరుగుతున్నది అడిగేశాను.

"వదినా, గా బొంత ఎవరికోసం కుడుతుంటిరి?"

"ఎవ్వరికోసం గాదు."

"పూజకా?"

"ఎవ్వరికి గాదంటి గదా. వేట బందున్నది, టీవీ చెడిపోయింది. ఏం జేద్దామంటె, మా అమ్మ కుట్టేది, మా చెల్లె పేర్శేది అని ఆయనే మొదలుపెట్టిండు. నాకేమొ పేర్సరాదు. రెండు ఎర్రలు పక్కకు పెడ్తె ఒర్లుతుండె. 'మా శోభ ఉంటె నీ చెయ్యి మీద ఒక్కటేసేది' అంటుండె." దారం కొరికింది. "నెత్తి నొప్పి పుట్టిచ్చేటోడు నీ పేరు చెప్పి."

నేను తల వంచుకుని కుట్టాను. టాకాలు వంకరపోయాయి. వదిన చూసింది, తన పక్క కుట్టుకుంటూ పోయింది.

డబ్బాలో కొర్రమట్ట పులుసు. ముగ్గురం తిన్నాం.

10 నవంబర్, ఆదివారం

అడుగున వదిన పాత చీర, నడుమ మా పాత దుప్పటి, పైన కన్నులు. మూడు పొరలు కలిపి చేతి కుట్టు. వదిన ఎడమనుంచి, నేను కుడినుంచి. రెండు బెత్తెల మేర అయింది.

17 నవంబర్, ఆదివారం

సగం. వదిన సూదితో పొడిచి, "గిది నీ సైడు, గిది నా సైడు, ఎవరి కుట్టు మంచిగుందో మీ ఆయన్ను అడుగుదాం" అంది. ఆయన "నాకు డ్యూటీ ఉంది" అని ఆదివారం పూట బయటికి పోయారు.

24 నవంబర్, ఆదివారం

చలి. ఇంకా రెండు వరసలు.

1 డిసెంబర్ 2024, ఆదివారం

ఈ రోజు పనులు: అన్నం, పప్పు, వదిన తెచ్చిన ఎండుచేపలు. బట్టలు, ఆరేశాను, ఎండ మంచిగా ఉంది. బొంత చివరి వరస, అయింది. అంచు మడిచి కుట్టడం, అయింది.

చింతచిగురు చీర కట్టుకున్నాను. కుచ్చిళ్లలో ఒకటి తక్కువ వచ్చింది. వదిన ఆటో ఎక్కి బొంత ఒళ్లో పెట్టుకుంది, సంచిలో పెట్టిస్తానంటే వద్దంది. ఆటో కదిలాక తల బయటికి పెట్టి అరిచింది.

"వచ్చే ఆదివారం నువ్వే రా. మంచం కింద ఇంకింత గుడ్డ ఉంది. పేర్సనీకి మనిషి లేదు."

సాలమ్మ వదినకు బాకీ: ముక్కలు 59. ముట్టినవి: 59. చెల్లు.